రాళ్ళ మీద బుడగలు

మా ఆవిడ పోయాక ఇంటికి వచ్చినవాళ్ళందరూ ముందు నా మొహంలోకి చూసేవారు. అక్కడ వాళ్ళకి కావలసింది దొరక్క, హాల్లో ఉన్న ట్యాంకు వైపు తిరిగేవారు. నాకూ అదే నయమనిపించేది. అందులో కనీసం చేపలు కదులుతుంటాయి.

అది మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీళ్ళ ట్యాంకు. మా సోఫా అంత పొడవు. లోపల సముద్రపు రాళ్ళు, ఆ రాళ్ళ మీద పగడాలు, మధ్యలో చారల చేపలు. పగడమంటే ఉంగరంలో పొదిగేదని తప్ప నాకింకేమీ తెలియదు. అది ప్రాణమున్నదని, దానికి ఆకలీ అలకా ఉంటాయని మా ఆవిడే చెప్పింది. అన్నిటిలోకీ పెద్దది ఆకుపచ్చది. మనసు బాగుంటే అరచెయ్యంత మెత్తగా విప్పారుతుంది, ఏ కాస్త తేడా వచ్చినా ముడుచుకుపోతుంది. దానికి ఆవిడ పెట్టిన పేరు పెద్దకోడలు. నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే, "పెద్దకోడలికి ఇవాళ మూతి ముడుపు" అని వార్త చదివేది. నేను ఊ కొట్టేవాణ్ణి. మా కాపురమంతా ఇంచుమించు అలాగే నడిచింది. ఆవిడ వార్తలు చదివేది, నేను ఊ కొట్టేవాణ్ణి.

నా ఉద్యోగం గ్యాసు పైపుల్లో లీకులు పట్టుకోవడం. ఇళ్ళకీ హోటళ్ళకీ వెళ్ళి, పైపు కీళ్ళ మీద సబ్బునురగ రాసి చూస్తాం. బుడగ లేచిందంటే అక్కడ కారుతున్నట్టు. లేవకపోతే అంతా క్షేమం. దొరకని లీకు ఉంటే నన్నే పంపుతారు. ఆఫీసులో నన్ను ముక్కుగారంటారు. ఎదురుగా అన్నా నేనేమీ అనుకోను, ఆ ముక్కు మీదే ఇల్లు గడిచింది.

ఆవిడ పోయినప్పుడు నేను ఏడవలేదు. గుండె రాయి చేసుకున్నాడని కొందరు, మొదట్నుంచీ మొండిఘటమేనని కొందరు అనుకున్నారు. రాయి చేసుకోవాలన్నా మనిషి కాస్త కష్టపడాలి కదా. నేను అదీ చెయ్యలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది. తింటే తిన్నానని తెలిసేది. పడుకుంటే పడుకున్నానని తెలిసేది. అంతకుమించి ఏమీ తెలిసేది కాదు.

మా అమ్మాయి వేరే ఊళ్ళో ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఒక్కతే కూతురు. అమ్మ కోసం వచ్చి, నాకు తోడుగా ఉండిపోయింది. వచ్చేపోయే జనం పలచబడ్డాక నేనే కదిపాను.

"ఇంకెన్నాళ్ళు సెలవు పెడతావు? నువ్వు బయల్దేరు," అన్నాను.

"నువ్వొక్కడివే ఎలా ఉంటావు నాన్నా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. వెళ్ళు, వెళ్ళు."

అది కాసేపు నా వంకే చూసింది. తర్వాత ట్యాంకు వంక చూసింది.

"సరే. అయితే అమ్మ ట్యాంకు నాతో తీసుకుపోతా. దాన్ని కదిపే ఏర్పాటేదో అయ్యాకే వెళ్తా."

"తీసుకుపో," అన్నాను. అనేశాక, లోపల ఏమన్నా కలుక్కుమంటుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాను. ఏమీ అనలేదు.

ట్యాంకు విప్పి సర్దడానికి ట్యాంకులాయన్ని పిలిపించింది. మా ఆవిడకి చేపలూ పగడాలూ అమ్మింది ఆయనే. మోచేతుల దాకా చొక్కా మడిచి, భుజాన తడిగుడ్డ వేసుకుని తిరిగే మనిషి. వచ్చీరాగానే గాజుకి మొహం ఆనించాడు. అలాగే ఉండిపోయాడు.

"ఈ బుడగలెప్పట్నుంచండీ?" అన్నాడు.

అప్పుడు చూశాం మేము. రాళ్ళ మీద ఎక్కడ చూసినా సన్నటి బుడగలు. ఆవగింజంతవి కొన్ని, మిరియం గింజంతవి కొన్ని. రాయికి అంటుకుని ఉన్నాయి. ఉండి ఉండి ఒకటి ఊడి, మెల్లిగా పైకి పోయి పగిలిపోతోంది.

ఆయన పంపులు చూశాడు, నీళ్ళు గాజుగొట్టంలో పోసి ఏవో చుక్కలు వేసి రంగు చూశాడు. "లైటు టైమరు మీదే ఉందిగా?" అని నన్నడిగాడు.

"ఉంది," అన్నాను. రోజూ దానంతటదే వెలుగుతోంది, దానంతటదే ఆరుతోంది. ఉన్నట్టే కదా.

"కారణం తెలీకుండా ట్యాంకు కదపకూడదండీ. రాళ్ళ లోపల ఏదైనా కుళ్ళుతుంటే, కదిపామంటే ఆ విషమంతా నీళ్ళలో కలిసి ఒక్కటీ మిగలదు. ఈ బుడగలు తగ్గనివ్వండి. తగ్గాక కబురు చెయ్యండి, నేనే దగ్గరుండి సర్దిస్తా."

అమ్మాయి సెలవు పొడిగించమని ఫోను చేసింది.

ఎదురింటి పెద్దమ్మగారికి బుడగల సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసి, "ఇంకేంటి నాయనా, నీ పెళ్ళాం ఊపిరే. ఇల్లు వదల్లేకపోతోంది," అంది. మా ఆవిడకి ఉబ్బసం. ఆవిడ ఊపిరి ఇంత తీరిగ్గా రావడం ఈ కాపురంలో నేనెన్నడూ చూడలేదు. ఆ మాట పైకి అనేశాను కూడా. పెద్దమ్మగారు నొచ్చుకుని వెళ్ళిపోయింది. అమ్మాయి నన్ను తిట్టింది, తిడుతూనే నవ్వు ఆపుకోలేకపోయింది.

బుడగ కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. ఆ సాయంత్రమే సంచీ దింపి, బ్రష్షుకి నురగ పట్టించి, ట్యాంకు వెనక పైపు కీలు మీద రాయబోయాను. అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"సబ్బా? సబ్బు పట్టుకొచ్చావా నాన్నా? ఒక్క చుక్క పడిందంటే పొద్దున్నకి అన్నీ తేలతాయి. అమ్మ ఈ చుట్టుపక్కల చేతులు కూడా సబ్బుతో కడుక్కోనిచ్చేది కాదుగా!"

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పే ఉంటుంది. నువ్వు ఊ అనుంటావు."

బ్రష్షు తీసుకెళ్ళి బయట పంపు దగ్గర కడిగాను. సబ్బు పనికిరాకపోతే మాకింకో పద్ధతి ఉంది. అనుమానమున్న వాటన్నిటినీ ఒక్కొక్కటే ఆపి చూడడం. ఒకటి ఆపాలి, ఆగాలి, చూడాలి, మళ్ళీ తెరిచి రెండోదాని దగ్గరికి పోవాలి. ఓపిక తప్ప దానికి వేరే తెలివి అక్కర్లేదు. ఒకరోజు అలలు రేపే పంపు ఆపాం. ఇంకోరోజు నురగ తీసే గొట్టం ఆపాం. నీళ్ళు పైకి తోడే పంపు గాలి పీలుస్తోందేమోనని దాని మూతి లోతుకి దించాం. నేను నేల మీద బోర్లా పడుకుని చెబితే, అమ్మాయి టార్చి పట్టుకునేది.

"ఇటు పట్టు. ఇటు కాదే, నా కంట్లో కొడుతున్నావు."

"నీ తల అడ్డం తీస్తే గొట్టం మీద పడుతుంది."

"తల ఎక్కడ పెట్టుకోమంటావు, అలమారాలోనా?"

ఇలా పోట్లాడుకుంటూ వెతికేవాళ్ళం. తర్వాత టీ పెట్టేది. రాళ్ళ ముందు కూర్చుని తాగేవాళ్ళం. బుడగలు మాత్రం ఎక్కడివక్కడే. తెల్లవారి నేను డ్యూటీకి పోయేముందు చూస్తే ఒక్కటీ ఉండేది కాదు. సాయంత్రానికి రాళ్ళన్నిటికీ పట్టుకునేవి. పని కాగానే నేను నేరుగా ఇంటికి వస్తున్నానని ఒకరోజు గమనించాను. ఆవిడ పోయిన కొత్తలో కావాలని చుట్టుతిరిగి వచ్చేవాణ్ణి. ఇప్పుడెందుకు మారిందో ఆలోచించలేదు. ఆలోచించే ఓపిక లేదు.

ఇంతలో కరెంటు తీగలు మారుస్తున్నారని మా వీధికి రోజంతా కరెంటు ఆపేశారు. నాకు ఆ రోజు సెలవు. చేపలకి గాలి అందడానికి అమ్మాయి బ్యాటరీ పంపు పెట్టి, ఏదో పనుందని బజారుకి వెళ్ళింది. నేను ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. రాళ్ళ మీద ఒక్క బుడగ లేదు. సాయంత్రమైంది. అప్పటికీ లేదు.

పంపులన్నీ ఒక్కొక్కటే ఆపాం. ఒక్క లైటుని మాత్రం ఆపి చూడలేదు.

ట్యాంకు కింద ఉన్న చెక్క అరలోకి వంగి టైమరు బయటికి లాగాను. గడియారంలా తిరిగే చక్రం, దాని చుట్టూ సన్నటి పళ్ళు. ఏ వేళకి లైటు వెలగాలో ఆ వేళ పళ్ళు నొక్కాలి. మా ఆవిడ గోళ్ళరంగుతో రెండు పళ్ళ మీద చుక్కలు పెట్టుకుంది. ఒకటి పొద్దెక్కాక, ఇంకొకటి చీకటి పడే వేళకి. లైటు ఆ రెండు చుక్కల మధ్యే వెలగాలి. కానీ పళ్ళు తెల్లవారుజాము నుంచి పడుకునే వేళ దాకా నొక్కి ఉన్నాయి.

నొక్కింది నేనే. ఆవిడ పోయాక ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు హాలు నిండా జనం. గాలాడటం లేదని ఎవరో పెద్ద ఫ్యాను పట్టుకొచ్చారు. ఖాళీ ప్లగ్గు లేక, ట్యాంకు లైటు పీకి టైమరుకి ఫ్యాను తగిలించాను. చీకటి పడగానే అది ఆగిపోయింది. టైమరు సంగతి గుర్తొచ్చి, కనబడ్డ పళ్ళన్నీ వేలితో నొక్కేశాను. తర్వాత ఫ్యాను తీసి లైటు పెట్టాను గానీ, పళ్ళు మళ్ళీ ఎత్తలేదు. ఆకులు వెలుతురులో గాలి వదుల్తాయని చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. రాళ్ళ మీద సన్నటి నాచు పొర. దానికి రోజూ ఇంతింత వెలుతురు పోశాం. అది తిన్నంత తిని గాలి వదిలింది. కారిందీ లేదు, కుళ్ళిందీ లేదు, ఊపిరీ కాదు.

లీకు దొరికితే నాకు ఎప్పుడూ లోపల చిన్న గంట మోగుతుంది. ఆ రోజు మోగలేదు. ఒక్కటే తోచింది. పళ్ళు ఎత్తితే బుడగలు పోతాయి. బుడగలు పోతే ట్యాంకు కదులుతుంది. ట్యాంకుతో పాటు అమ్మాయి వెళ్ళిపోతుంది. ఈ ఇంట్లో నేనూ గోడలూ మిగులుతాం.

టైమరు ఎలా ఉన్నదాన్ని అలాగే లోపల పెట్టి, తలుపు మూశాను. అమ్మాయి బజారునుంచి వచ్చి, "ఏమన్నా తెలిసిందా?" అంటే, "ఉహూ," అన్నాను.

తర్వాత కూడా వెతికాం. నేను నేల మీద పడుకునేవాణ్ణి, అది టార్చి పట్టుకునేది. ఇంతకుముందే చూసిన కీళ్ళని మళ్ళీ చూసేవాణ్ణి. తప్పు చేస్తున్నానని తెలుసు. తెలిస్తే ఏం, చీమ కుట్టినట్టైనా ఉండాలి కదా, అదీ లేదు. అమ్మాయి ఆసుపత్రికి ఫోను చేసి బతిమాలుకోవడం గదిలోంచి వినపడేది. వినేవాణ్ణి.

కానీ నాచుకి నా కుటుంబం సంగతి పట్టదు కదా. కనబడని పొర ముందు గోధుమరంగుకి తిరిగింది, ఆ తర్వాత ఎర్రగా జిగురుగా దుప్పటిలా పాకింది. రాళ్ళన్నీ కప్పేసి పెద్దకోడలి మొదట్లోకి వచ్చింది. అది విప్పారడం మానేసింది. సగానికి కుంచించుకుపోయి, అంచున తెల్లటి ఎముకలాంటిది బయటపడింది. అమ్మాయి సన్నటి గొట్టంతో రోజూ ఆ జిగురు లాగేసేది. తెల్లారేసరికి కాస్త నయంగా ఉండేది, పొద్దుగూకేసరికి మళ్ళీ మామూలే.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి హాల్లోకి వచ్చేసరికి, అమ్మాయి ట్యాంకు ముందు నేల మీద కూర్చుని ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, ముక్కు ఎగబీలుస్తూ. అమ్మ పోయినప్పుడు కూడా అది ఇలా ఒంటరిగా ఏడవలేదు, ఎవరో ఒకరి భుజం ఉండేది.

"చచ్చిపోతుంది నాన్నా ఇది. అమ్మ చిటికెన వేలంత ముక్క తెచ్చి ఇంత చేసింది. నా చేతుల్లో చచ్చిపోతోంది."

నీ చేతుల్లో కాదు అనబోయి ఆగాను. తర్వాత ఆగలేకపోయాను.

"లైటు," అన్నాను.

"ఏంటి?"

"లైటు ఎక్కువసేపు వెలుగుతోంది. అందుకే బుడగలు. అందుకే ఆ ఎరుపు. టైమరు మీద అమ్మ చుక్కలు పెట్టింది, చూడు. ఆ మధ్యవి ఉంచి, మిగతా పళ్ళు ఎత్తెయ్యి."

అది వంగి టైమరు తీసింది. చుక్కలు చూసింది. ఒక్కొక్క పన్నూ గోటితో ఎత్తింది. ఎత్తుతూ ఎత్తుతూ మధ్యలో ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"కరెంటు లేని రోజు."

"ఆ రోజా? అంటే, నిన్నటి దాకా నాతో ఆ పైపులన్నీ..." దాని గొంతు పైకి లేచింది. "కళ్ళముందు ఇది చస్తుంటే చూస్తూ కూర్చున్నావా? అమ్మది కదా నాన్నా! నీకసలు ఏమీ అనిపించదా?"

"ఏమో," అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

"ఎందుకు చెప్పలేదు?"

"బుడగలు పోతే నువ్వు ట్యాంకు తీసుకుని వెళ్ళిపోతావుగా."

టైమరు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతుతో అడిగింది.

"కిందటేడు నా గదికొచ్చావు కదా. ఏం చూశావక్కడ?"

"పొయ్యి గొట్టం బీటలిచ్చింది. మార్చాను."

"ఇంకా?"

ఎంత తడుముకున్నా ఇంకేమీ గుర్తు రాలేదు.

"మంచం వేశాక ఆ గది తలుపు పూర్తిగా తెరుచుకోదు నాన్నా. నువ్వు పక్కకి తిరిగి లోపలికొచ్చావు. అందులో ఈ ట్యాంకు ఎక్కడ పెడతాననుకున్నావు? నెత్తి మీదా?"

"మరి తీసుకుపోతానన్నావు?"

"ఉంటానంటే ఉండనిచ్చేవాడివా? నా బ్యాగు నువ్వే సర్దేట్టున్నావు. వెళ్ళు వెళ్ళు అని ఒకటే గోల. ఏదో ఒక వంక కావాలి కదా నాకు." అది గుక్క తిప్పుకుంది. "ఎల్లుండి డ్యూటీలో చేరాలి. ఇంక సెలవు ఇవ్వలేమన్నారు. నాలుగు రోజుల్నుంచి చెబుదామని చూస్తున్నా. ఒక్కసారి, ఒక్కసారి నువ్వు ఉండమంటావేమోనని. ఉండగలనా లేదా అన్నది తర్వాతి మాట. నువ్వంటావేమోనని."

ఊళ్ళో అందరి ఇళ్ళలో కంటికి కనబడనిది పట్టుకునేవాణ్ణి. నా కూతురు ఇన్నాళ్ళూ ఎందుకు ఆగిందో నా ఎదురుగానే ఉంటే కనుక్కోలేకపోయాను. సిగ్గేసింది. సిగ్గేసిందని తెలిసింది కూడా. చాలా రోజుల తర్వాత నాకు స్పష్టంగా తెలిసిన మొదటి సంగతి అదే.

"ఉండవే," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. అమ్మాయి తలెత్తింది.

"ఇంకో రెండు రోజులుండు. వాళ్ళేమన్నా సరే. నాకు... ఈ ఇంట్లో నాకు చాతకావడం లేదు."

అది ఏదో అంటోంది, నేను వినలేదు. ఉండు అనే మాట పలికాక, అంతకుముందు ఎప్పుడన్నానా అని చూసుకున్నాను. ఎవరితోనూ అన్న గుర్తు లేదు. ఆసుపత్రిలో ఆఖరి పూట ఆవిడ మంచం పక్కనే నిలబడ్డాను. మూతికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. గొట్టం కీలు దగ్గర వదులుగా ఉందేమోనని నాకు అనుమానం. వంగి చెవి పెట్టి విన్నాను, నర్సుని పిలిచి బిగించమన్నాను, బిగించాక మళ్ళీ విన్నాను. ఆవిడ అంతసేపూ నన్నే చూస్తోంది. నేను గొట్టాన్నే చూస్తున్నాను.

"మీ అమ్మతో అనలేదే," అన్నాను.

"ఏమని నాన్నా?"

"ఉండమని. పక్కనే ఉన్నాను. ఒక్కసారి కూడా అనలేదు."

అమ్మాయి టైమరు కింద పెట్టి నా పక్కకి జరిగింది. నేను పెద్దగా ఏడ్చాను, ఎదురింటికి వినపడేంత.